జర్మన్ కుటుంబంతో కలిసి ఉండబోతున్నారా? అయితే ముందే అడగండి

జర్మనీలో సీటు వచ్చి, స్టూడెంట్ హాస్టల్‌లో గది దొరక్క ఏదో ఒక కుటుంబంతో ఉండబోతున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. “వాళ్లు బాగా స్ట్రిక్టా?” స్ట్రిక్ట్ అనను, ముక్కుసూటి అంటాను. ఫ్రైబుర్గ్‌లో నేనున్న ఇంట్లో ఎవరూ గొంతు పెంచడం వినలేదు. కాకపోతే ఏదైనా ఒకసారే అడుగుతారు, ఒకసారే చెబుతారు. కేక్ ఇంకో ముక్క వేయమంటారా అన్నప్పుడు మొహమాటానికి వద్దన్నారనుకోండి, ప్లేటు అటు వెళ్లిపోతుంది. బతిమాలడం ఉండదు. వద్దంటే వద్దనే అర్థం. ఈ ఒక్క సంగతి తలకెక్కితే సగం టెన్షన్ పోయినట్టే.

గదికి సరే అనే ముందు

వైఫై, కిటికీలోంచి కనిపించే కొండలు, ఇవన్నీ తర్వాత. ముందు అడగాల్సింది, “ఈ అడ్రస్ మీద అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేసుకోవచ్చా?” అని. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌరసేవల ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలన్నది అక్కడి చట్టం. దానికి ఇల్లిచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఫారం కావాలి. నమోదు కాకపోతే టాక్స్ నంబర్ రాదు, రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకు కదలదు. “నమోదు మాత్రం కుదరదు” అనే ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె మూడు నెలలకి ఎంతవుతుందో, డిపాజిట్ అంతకు మించకూడదు. ఇంటివాళ్లు తాము ఉంటున్న ఇంట్లోనే ఫర్నిచర్‌తో సహా ఒక విద్యార్థికి గది ఇస్తే, ఆ నెల 15లోపు నోటీసు ఇచ్చి నెలాఖరుకి ఖాళీ చేయవచ్చు. ఇది మనకెంత వీలో వాళ్లకూ అంతే వీలు, అది మర్చిపోవద్దు. ఫలానా తేదీ దాకా అని గడువు రాసుకున్న ఒప్పందమైతే ఈ లెక్క వేరు, కాబట్టి సంతకం పెట్టేముందు ఆ పేరా రెండుసార్లు చదవండి.

దిగిన రోజే పోస్టుబాక్స్ మీద మీ పేరు అంటించమనండి. అక్కడ పోస్ట్‌మ్యాన్ చూసేది బాక్స్ మీది పేరునే. బ్యాంక్ పిన్, ఇన్సూరెన్స్ కార్డు, టాక్స్ నంబర్ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. పేరు కనబడకపోతే తిరిగి వెళ్లిపోతాయి.

నమోదయ్యాక కొన్నాళ్లకి టీవీ, రేడియో చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. నెలకి 18.36 యూరోలు. టీవీ లేదు కదా అంటే వినరు. కానీ ఈ చందా మనిషికి కాదు, ఇంటికి. ఇంటివాళ్లు ఇప్పటికే కడుతుంటారు గనక వాళ్ల చందాదారు నంబర్ అడిగి, దాన్ని జవాబులో రాసి పంపండి, చాలు. అడగడానికి సిగ్గుపడి ఏడాదంతా దండగ కట్టినవాళ్లు నాకు తెలుసు.

హాఫ్ట్‌ఫ్లిష్ట్ అని పిలిచే ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి. మన చేతిలో ఎదుటివాళ్ల వస్తువు పాడైతే అది కడుతుంది. నెలకి కొద్ది యూరోలే. తాళంచెవి పోతే కూడా కవర్ అవుతుందా అని పాలసీలో చూసుకోండి. ఒకే తాళంచెవితో వీధి తలుపు, ఇంటి తలుపు తెరుచుకునే ఇళ్లలో అది పోతే తాళాలన్నీ మార్చాల్సి రావచ్చు, ఆ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

మొదటి వారంలోనే తేల్చుకోవాల్సినవి

ఒక సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేరుగా అడిగేయండి. ఫ్రిజ్‌లో నా అర ఏది? వాషింగ్ మెషీన్ నాకు ఏ రోజు? స్నేహితులు రాత్రి ఉండవచ్చా? వాళ్లు దీన్ని మర్యాద తక్కువగా అనుకోరు, పైగా సంతోషిస్తారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయకూడదన్నది మాత్రం మామూలుగా ఎవరూ విడిగా చెప్పరు, తెలిసే ఉంటుందనుకుంటారు. మగపిల్లలకి ఇంకో మాట. టాయిలెట్‌లో కూర్చునే పోయాలన్నది చాలా ఇళ్లలో నియమం. కొన్నిచోట్ల గోడ మీద బొమ్మ కూడా ఉంటుంది.

కిటికీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జనవరిలో, బయట మంచు పడుతుండగా, మా ఇంటాయన ఉదయాన్నే వచ్చి హీటర్ మరను సున్నాకి తిప్పి, రెండు కిటికీలూ బార్లా తెరిచి, వాచీ చూసుకుంటూ నిలబడేవాడు. ఐదు నిమిషాలయ్యాక మూసేసి, మరను మళ్లీ మూడు మీదికి తిప్పేవాడు. మూడు అంటే దాదాపు 20 డిగ్రీలు. దీన్ని ష్టోస్‌ల్యూఫ్టెన్ అంటారు. గది గోడలు చల్లబడకముందే తేమగాలి బయటికి పోవాలి, అదీ అందులోని కిటుకు. కిటికీని కొంచెం ఓరగా వంచి రోజంతా అలా వదిలేస్తే గోడ చల్లబడి, తేమ పట్టి, మూలల్లో బూజు వస్తుంది. బూజు అంటే వాళ్లకి చచ్చేంత భయం. తడిబట్టలు గదిలో ఆరేయకండి, ఎక్కడ ఆరేయాలో అడగండి. స్నానమయ్యాక గాజుతలుపు మీది నీళ్లు లాగడానికి రబ్బరు పట్టీ ఉన్న కర్ర ఒకటి వేలాడుతుంటుంది. అది అలంకారానికి కాదు.

చెత్త ఒక సబ్జెక్టే. ప్యాకింగ్ కవర్లు పసుపు సంచిలోకో డబ్బాలోకో, కాగితాలు విడిగా, కూరగాయల తొక్కలు విడిగా, ఎందులోకీ రానివి మిగతా చెత్తలోకి. గాజు సీసాలని వీధిలోని పెద్ద డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులవారీగా వేయాలి. నీలం సీసా ఆకుపచ్చ దాంట్లోకి. ఆదివారం మాత్రం వేయకూడదు, పగిలే చప్పుడు ఇరుగుపొరుగుకి ఇబ్బంది. నీళ్ల బాటిళ్లు, డ్రింక్ క్యాన్లు పారేయకండి. ఒకసారి వాడేవాటికి 25 సెంట్లు, బీరు సీసాలకి ఎక్కువగా 8 సెంట్లు సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వెనక్కి వస్తాయి. ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బులు ఎవరివో ముందే కనుక్కోండి. మా ఇంట్లో చిన్నవాడి పాకెట్ మనీ అదే.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే కొనిపెట్టుకోండి. డిసెంబర్ 24న మధ్యాహ్నానికల్లా మూసేస్తారు, 25, 26 రెండు రోజులూ సెలవే.

వాళ్లతో కలిసి

పెద్దవాళ్లని మొదట “జీ” అని, అంటే మన “మీరు” లాగా, గౌరవంగా పిలవండి. “దూ” (నువ్వు) అనమని వాళ్లే అంటారు, అదీ పెద్దవాళ్ల నోటి నుంచే రావాలి. అన్నాక మళ్లీ “జీ” అంటే దూరం పెట్టినట్టుంటుంది. ఫ్రైబుర్గ్ వైపు వెళ్తే అక్కడివాళ్లని ష్వాబెన్ (పక్కనున్న ష్వాబియా ప్రాంతం వాళ్లు) అనకండి. రాష్ట్రం ఒకటే అయినా వాళ్లు బాడెన్ వాళ్లు, ఆ పట్టింపు ఇప్పటికీ ఉంది.

వంటింటి గోడ మీద క్యాలెండర్ చూడండి. మనిషికో నిలువు గడి ఉంటుంది. మీకూ ఒకటి అడిగి, పరీక్షలు, ఊరెళ్లే రోజులు, భోజనానికి ఉండని రాత్రులు రాయండి. రాత్రి భోజనం చాలా ఇళ్లలో రొట్టె, చీజ్, చల్లటివే. మీరు వేడిగా వండుకుంటానంటే కాదనరు, ఏ వేళకి అన్నది ముందు చెప్పండి. అందరూ కూర్చుని “గూటెన్ అపెటీట్” (హాయిగా తినండి) అనేదాకా చేయి పెట్టకండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పకూడదు, అపశకునమంటారు.

ఏదైనా ఇబ్బందిగా ఉంటే లోపల పెట్టుకుని మొహం ముడుచుకోవడం అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆ ముడుచుకోవడం వాళ్లకి కనబడదు. రాత్రిళ్లు ఇంటిని వేడిచేసే బాయిలర్ తానంతట తానే తగ్గిపోయి నా గది గడ్డకట్టేది. “రాత్రి నా గది చలిగా ఉంటోంది, ఏం చేయవచ్చు?” అని అడిగాను. సారీలు, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా. ఇంటావిడ ఆ సాయంత్రమే మందపాటి దుప్పటి తెచ్చి పెట్టింది, ఆయన బాయిలర్ టైమింగ్ ఒక గంట జరిపాడు. నొచ్చుకున్నవాళ్లెవరూ లేరు.

వెళ్లిపోయేటప్పుడు

గది ఫోటోలు దిగిన రోజు తీసినట్టే ఖాళీ చేసే రోజూ తీయండి. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో రాయించి సంతకం తీసుకోండి. దేశం వదిలి వెళ్తుంటే ఊరి రికార్డుల్లో పేరు తీయించుకోవాలి. వెళ్లడానికి వారం ముందు నుంచి, వెళ్లాక రెండు వారాల దాకా ఆ పని చేయవచ్చు. ఆ కాగితం దాచండి. జిమ్, ఫోన్ కాంట్రాక్టులు రద్దు చేసుకునేటప్పుడు అడగవచ్చు. కరెంటు, హీటింగ్ లెక్కలు తేలాక డిపాజిట్ వెనక్కి వస్తుంది. కొన్ని నెలలు పట్టవచ్చు, కాబట్టి ఆ జర్మన్ బ్యాంక్ ఖాతా అప్పుడే మూసేయకండి.