విమానం ఎక్కేలోపు వేడివేడి ప్రెట్జెల్

మెత్తటి ప్రెట్జెల్, అంటే గోధుమ పిండిని తాడులా చేసి మెలితిప్పి కాల్చే రొట్టె, ఓవెన్‌లోంచి బయటికి వచ్చాక ఇరవై, ముప్పై నిమిషాలు మాత్రమే దాని అసలు రుచి నిలుస్తుంది. ఆ తర్వాత పైపొర తోలులా సాగుతుంది, లోపలి పిండి బిరుసెక్కుతుంది. ఎయిర్‌పోర్టులో మన చేతిలో ఉండే సమయమూ అంతంతమాత్రమే. అందుకే ముందు గడియారం చూసుకోవాలి.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. చాలా విమానాలకు గేటు బయల్దేరే సమయానికి 15 – 20 నిమిషాల ముందే మూసేస్తారు. బోర్డింగ్ అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది. బోర్డింగ్ 5:20కి, గేటుకు నడక పది నిమిషాలు అనుకుంటే, 5:10కల్లా పొట్లం చేతిలో పడాలి. క్యూకి పది నిమిషాలు, అనుకోని ఆలస్యానికి ఐదు తీసేస్తే 4:55కి వరసలో నిలబడాలి. దానికి ముందు స్క్రీన్ మీద గేటు నంబరు మరోసారి చూడండి, చివరి నిమిషంలో మారుతుంటుంది. గేటుకూ దుకాణానికీ మధ్య ఇమిగ్రేషనో, టెర్మినల్ రైలో ఉంటే ఆ దుకాణం వదిలేయండి. అవతలివైపు ఏముంటే అదే కొనుక్కోవడం నయం. యాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది టెర్మినల్ దగ్గరే. ఒకే పేరుతో రెండు మూడు దుకాణాలుంటాయి. డబ్బు కట్టేముందు టెర్మినల్ పేరు, దగ్గరి గేటు నంబరు సరిపోల్చుకోండి.

క్యూలో మనుషుల్ని లెక్కపెట్టడం ఒక్కటే చాలదు, అద్దాల పెట్టెలో ఎన్ని మిగిలాయో కూడా చూడండి. ముందు ఐదుగురుండి లోపల రెండే ఉంటే తర్వాతి ట్రే దాకా ఆగాల్సిందే. పచ్చి ప్రెట్జెల్ బాగా వేడెక్కిన ఓవెన్‌లో కాలడానికి ఎనిమిది, పది నిమిషాలు పట్టవచ్చు. సమయం ఉంటే ఇది అదృష్టమే. “కొత్త ట్రే ఎప్పుడు వస్తుంది?” అని అడిగి దానికోసమే ఆగండి.

ఆగే వీలు లేనప్పుడు పెట్టెలో ఉన్నవాటిలోంచే మంచిది ఏరుకోవాలి. కాల్చే ముందు ప్రెట్జెల్‌ని వంటసోడా నీళ్లలోనో, ఇంకా ఘాటైన లై (కాస్టిక్ సోడా) ద్రావణంలోనో ముంచుతారు. ఆ క్షారం వల్లే పైపొర ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతుంది. మెరుపు పోయి, పైన ముడతలు పడి ఉంటే అది చాలాసేపటి కిందటిది. ఉప్పురాళ్లు ఇంకా బాగా చెబుతాయి. తాజాదాని మీద అవి తెల్లగా, పొడిగా ఉంటాయి. సేపు గడిచేకొద్దీ పిండిలోని తేమ లాక్కుని కరిగి, కింద తడి మచ్చలు వదులుతాయి. వేడి దీపం కింద ముందు ఎండిపోయేవి మధ్యలో మెలితిరిగిన సన్నటి కొసలు. అవి గట్టిపడినట్టు కనిపిస్తే వేరేది ఇమ్మనండి.

నడుస్తూ తినేవాళ్లకు మెలితిప్పిన పెద్దదాని కన్నా చిన్న ముక్కల కప్పు హాయి. దాల్చినచెక్క చక్కెర పూసినది రుచిగానే ఉంటుంది గానీ బట్టల మీదా, ల్యాప్‌టాప్ మీదా రాలుతుంది, కూర్చుని తినగలిగితేనే తీసుకోండి. ఉప్పు సగమే వేయమనో, అసలు వద్దనో అడగవచ్చు. విమానంలో గాలి మామూలుగానే పొడిగా ఉంటుంది, తేమ తరచూ 20 శాతం లోపే. పైన ఇంత ఉప్పు పడితే దాహం ఆగదు. ఖాళీ సీసా సెక్యూరిటీ దాటించి లోపల నింపుకుంటే సరిపోతుంది. కాలిన తర్వాత పైన వెన్న రాయడం మామూలే కాబట్టి పాలు పడనివాళ్లు, పాల పదార్థాలు మానేసినవాళ్లు ఆర్డర్ చెప్పేటప్పుడే వద్దనాలి. పిండిలో పాలు కలిపారేమో కూడా అడగాలి. గోధుమ పడనివాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు.

ప్రెట్జెల్ గట్టి పదార్థమే, సెక్యూరిటీ దగ్గర దాంతో పేచీ రాదు. నంజుకునే చీజ్ డిప్, ఆవాల సాస్ మాత్రం ద్రవాల కిందికి వస్తాయి. 100 మిల్లీలీటర్ల నియమం ఉన్నచోట అంతకు మించిన డబ్బా తీసేస్తారు. తనిఖీ దాటాక కొన్నదానికి ఈ బెడద లేదు. కానీ విమానం మారేచోట మళ్లీ తనిఖీ ఉంటే డిప్ అక్కడికి చేరేలోపే ముగించండి.

సంచి మూతి మడవకండి. ఆవిరి లోపలే నిలిచిపోయి, పైపొర తడిసి, ఉప్పు కరిగి ఐదు నిమిషాల్లో ముద్దవుతుంది. డిప్ డబ్బాని విడిగా, నిటారుగా పట్టుకోండి. బోర్డింగ్ పాస్ ఫోన్‌లో ఉంటే తినే చేయి ఒకటి, ఫోన్ చేయి ఒకటి. వెన్న మరకలు పడిన స్క్రీన్‌ని స్కానర్ చదవలేక వెనక వరసంతా ఆగుతుంది. టిష్యూలు నాలుగు ఎక్కువే అడగండి.

సగం మిగిలితే చల్లారాకే సంచి మూసి దాచండి. దిగాక ఓవెన్ దొరికితే పైన కాస్త నీళ్లు చిలకరించి 175 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్ అయితే పది, పదిహేను సెకన్లు చాలు, అంతకు మించితే రబ్బరులా సాగుతుంది. వేరే దేశంలో దిగుతుంటే మాంసం చుట్టిన ప్రెట్జెల్‌ని విమానంలోనే పూర్తిచేయండి. చాలా దేశాల కస్టమ్స్ మాంసాన్ని లోపలికి రానివ్వదు.