బండి తక్కువ తిప్పేవాళ్లకు ఇన్సూరెన్స్ చిట్కా

మా కారు వారంలో ఐదు రోజులు వేపచెట్టు కిందే ఉంటుంది. అయినా ఏటా ప్రీమియం మాత్రం నిండుగా కట్టేవాళ్లం. తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టే 'పే యాజ్ యు డ్రైవ్' పద్ధతికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలోనే అనుమతిచ్చింది.

రెన్యువల్‌కు ముందు పాత సర్వీసు బిల్లులు రెండు తీయండి. రెండింటి మీదా బండి అప్పటికి తిరిగిన కిలోమీటర్ల రీడింగ్ ఉంటుంది. మాది ఒకదాంట్లో 32,410, పద్నాలుగు నెలల తర్వాతి దాంట్లో 38,010. తేడా 5,600, అంటే నెలకు 400, ఏడాదికి 4,800. ఈసారి పెళ్లికి తిరుపతి నుంచి బెంగళూరుకు రెండుసార్లు వెళ్లిరావాలి, అదో వెయ్యి కలిపాం. మొత్తం 5,800. దానికి పైనున్న శ్లాబు, అంటే ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని కంపెనీ పెట్టే పరిమితి, అడగండి, కిందిది వద్దు. శ్లాబులు కంపెనీని బట్టి మారతాయి. పాలసీ మొదలయ్యే రోజు మీటరు మీది దుమ్ము తుడిచి, అంకెలన్నీ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి.

తగ్గేది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) భాగమే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం తగ్గదు.

ఒక్క జాగ్రత్త: కిలోమీటర్లు దాటిపోతే సొంత బండి క్లెయిమ్‌కు ఇబ్బంది రావచ్చు. ఇంకో ఐదొందల కిలోమీటర్లు మిగిలుండగానే టాప్-అప్ చేయించండి, అంటే డబ్బు కట్టి అదనపు కిలోమీటర్లు కలుపుకోండి. రోజూ రేణిగుంటకో చిత్తూరుకో కార్లో వెళ్లొచ్చేవాళ్లకు మామూలు పాలసీయే మేలు.