మాట ఆలస్యమైన బిడ్డ కోసం ఇంటి వంశవృక్షం గీసుకునే పద్ధతి

నేను గుంటూరులో స్పీచ్ థెరపిస్టుని. పద్నాలుగేళ్ళుగా పిల్లలతోనే పని. మూడున్నర, నాలుగేళ్ళు నిండిన పిల్లల్ని మొదటిసారి తీసుకొచ్చేవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "ముందే వద్దామనుకున్నాం మేడమ్. వీళ్ళ నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు, ఆగండి అని మా అత్తయ్య అన్నారు." ఇంట్లో ఆ మాట ధైర్యం కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం అది వినగానే ఏడాది వృథాగా పోయిందే అని బాధేస్తుంది. నాన్నకో మేనమామకో మాట ఆలస్యమైన ఇంట్లో, బిడ్డకు రెండేళ్ళు వచ్చినా "అమ్మా దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలవకపోతే, మిగతావాళ్ళకంటే ముందే చూపించాలి. అందుకే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినవాళ్ళందరికీ వంశవృక్షం గీసుకొని రమ్మని చెప్తాను.

ఏ4 కాగితం అడ్డంగా పెట్టుకోండి. కింది వరసలో బిడ్డ, తోబుట్టువులు, పెదనాన్న, బాబాయి, అత్త, మామ, పిన్నిల పిల్లలు. మధ్య వరసలో అమ్మానాన్న, వాళ్ళ తోబుట్టువులు. పై వరసలో రెండు వైపుల తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మ. డాక్టర్లు వాడే గుర్తులే వాడండి: మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, చనిపోయినవాళ్ళ గుర్తు మీద ఏటవాలు గీత. భార్యాభర్తల్ని కలిపే చోట ఒక గీత, మేనరికమైతే రెండు గీతలు. ఆ రెండో గీత గీయడానికి చాలామంది మొహమాటపడతారు. దాచకండి. ఏ పరీక్ష ముందు చేయించాలో తేల్చుకోవడానికి డాక్టరుకు అది అవసరం.

తర్వాత రంగులు. మాట, భాష ఇబ్బందులు ఉన్నవాళ్ళకు నీలం, ఆటిజం లక్షణాలకు ఎరుపు, చదవడం రాయడం కష్టమైనవాళ్ళకు ఆకుపచ్చ. మూడూ విడివిడిగా వేయమనడానికి కారణం ఉంది. అమెరికాలో రట్‌గర్స్ యూనివర్సిటీకి చెందిన లిండా బ్రుస్టోవిచ్ బృందం ప్రత్యేకంగా కొన్ని కుటుంబాలను ఎంచుకుంది. ఆ ఇళ్ళలో ఒకరికి ఆటిజం, ఇంకొకరికి ఆటిజం లేకుండా కేవలం భాష ఇబ్బంది. 2014లో వాళ్ళు చెప్పిందేమిటంటే, 15, 16 క్రోమోజోముల్లో కొన్ని చోట్లకు ఈ ఇద్దరి భాష ఇబ్బందితోనూ సంబంధం కనిపించిందని. అంటే అన్నకు ఆటిజం, చెల్లికి మాట ఆలస్యం అయితే అవి రెండు వేర్వేరు కథలని ముందే అనుకోనక్కర్లేదు. రంగులు వేరుగా ఉంటేనే అది కాగితం మీద కనిపిస్తుంది.

కాగితం మీద గీసిన ఈ బొమ్మను చిన్నచూపు చూడకండి. లండన్‌లో కేఈ కుటుంబం అని పిలిచే ఒక కుటుంబంలో మూడు తరాల్లో సగం మందికి మాట స్పష్టంగా రాదు. వాళ్ళ వంశవృక్షాన్ని డాక్టర్లు 1990లో ప్రచురించారు. దాని వెంటే వెళ్ళి, 2001లో 7వ క్రోమోజోము మీద ఫాక్స్‌పీ2 అనే జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. అయితే ఒక్క జన్యువుతో తేలిపోయే ఇలాంటి ఇళ్ళు చాలా అరుదు. ఎక్కువ మంది పిల్లల్లో ఎన్నో జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపిస్తాయి. "ఆటిజం జన్యువు దొరికింది" అని పేపర్లో చూసి పరుగెత్తకండి.

అన్నిటికంటే కష్టం అడగడం. "మన ఇంట్లో ఎవరికైనా ఆటిజం ఉందా?" అని అడిగితే ఎవరూ లేరనే అంటారు. తాతల కాలంలో ఆ పేరే వినలేదు కదా. "ఎవరికి మాట ఆలస్యమైంది? ఎవర్ని మొద్దు అనేవాళ్ళు? బడి ఎవరు మానేశారు, ఎందుకు? పదిమందిలోకి రాకుండా ఉండిపోయింది ఎవరు?" అని అడగండి. ఊరూ వివరాలూ మార్చి ఒక సంగతి చెప్తాను. ఒక నానమ్మగారు "మా వంశంలో ఎవరూ లేరమ్మా" అని ఖచ్చితంగా చెప్పేశారు. పెళ్ళి చేసుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు ఆగారు. "మా చిన్న మరిది. ఊళ్ళోకి వచ్చే బస్సులన్నిటి నంబర్లు చెప్పేవాడు. మనిషి మొహం మాత్రం చూసేవాడు కాదు. మంచోడు" అన్నారు. ఆ రోజు ఆ కాగితం మీద ఇంకో చతురస్రం చేరింది.

ఇంకో నాన్నగారి సంగతి. ఐదేళ్ళ బాబుతో అర్థం లేని మాటలు పలికిస్తున్నాను. "లిపమో" చెప్పాడు. "గదనిటోసు" దగ్గర ఆగిపోయాడు. పక్క కుర్చీలో వాళ్ళ నాన్న పెదవులు కదుపుతూ కనిపించారు. కాసేపటికి "నాకూ రావట్లేదు మేడమ్" అన్నారు. ఆయన ఎనిమిదో తరగతిలో చదువు మానేసి లారీ ఎక్కారు. ఇంగ్లండులో డొరొతీ బిషప్ కవలల మీద చేసిన పరిశోధనలో, ఇలా అర్థం లేని మాటల్ని తిరిగి చెప్పడంలో తడబాటు వంశపారంపర్యంగా వస్తుందని 1996లోనే తేలింది. ఆయనతో ఈ సంగతి చెప్తే, "అంటే నేను బద్ధకస్తుణ్ణి కాదన్నమాట" అని తల వంచుకున్నారు. (ఈ పరీక్ష ఇంట్లో చేసి బిడ్డను తికమక పెట్టకండి, మాకు వదిలేయండి.)

రోగాల సంగతీ రాయండి: చెవుడు, ఫిట్స్, చిన్నప్పుడే పోయిన పిల్లలు, వరసగా అబార్షన్లు. అమ్మ వైపు తాతయ్యకు యాభై దాటాక చేతులు వణకడం, నడక తూలడం మొదలైందా? అమ్మకో పిన్నికో నలభై లోపే నెలసరి ఆగిపోయిందా? వీటికీ మనవడి మాటకూ సంబంధం ఏమిటని అనిపిస్తుంది. ఫ్రాజైల్ ఎక్స్ అనే, తరాల వెంట వచ్చే జన్యు సమస్య ఉన్న ఇళ్ళలో ఒకే జన్యువు, ఎఫ్‌ఎమ్‌ఆర్1, ఈ మూడింటికీ కారణమవుతుంది. అలాంటివి కనిపిస్తే జెనెటిక్స్ డాక్టరును కలవాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. నా దగ్గర గీసిన కాగితాన్ని ఒక ఇంట్లో కోడల్ని నిందించడానికి వాడారని తర్వాత తెలిసింది. చాలా రోజులు నిద్ర పట్టలేదు. అప్పట్నించి నాన్న వైపే ముందు రాయిస్తున్నాను, రెండు వైపులూ ఒకేరోజు పూర్తి చేయిస్తున్నాను. మీరూ అలాగే చేయండి. తన వంతుగా ఏ జన్యువు వస్తుందో ఎవరూ ఎంచుకోలేరు.

కాగితం పట్టుకొని పిల్లల డాక్టరు దగ్గరికి గానీ, జిల్లా ఆసుపత్రిలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే పథకం) కింద నడిచే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి గానీ వెళ్ళండి. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి, వంశవృక్షం ఏం చెప్పినా సరే. జన్యు పరీక్ష రిపోర్టు కోసం థెరపీ ఆపొద్దు.

చివరగా, బిడ్డకు ఆటిజం అని తేలి, కింది వరసలో చంటి తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ గుర్తు చుట్టూ పెన్సిల్‌తో ఒక గీత గీయండి. అలాంటి పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆటిజం వస్తున్నట్టు పరిశోధనలు చెప్తున్నాయి. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరక్కపోతే, వేలు పెట్టి చూపించకపోతే, వచ్చిన మాటలు పోతే, ఆ వారమే తీసుకురండి.