జులైలో రోమ్‌కు మూడు రోజుల ట్రిప్: బయలుదేరే ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

యూరప్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే అమ్మానాన్నలకు చూపించాల్సిన ఊళ్లలో రోమ్ తప్పకుండా ఉంటుంది. సెలవు దొరికేది జులైలోనో ఆగస్టులోనో. అదీ ఒక వారాంతం, దానికి ఇంకో రోజు కలిపితే మూడు రోజులు. ఆ మూడు రోజుల్లోనే కొలోసియం, వాటికన్, పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ స్టెప్స్, వీలైతే ఒక పూట ఫ్లోరెన్స్ కూడా అని ప్లాన్ వేస్తారు. రోమ్‌లో మనవాళ్లు పడే ఇబ్బందులు చాలావరకు ఈ ప్లాన్‌తోనే మొదలవుతాయి. టైమ్ లేదని మిట్టమధ్యాహ్నం నడుస్తారు. టైమ్ లేదని కిక్కిరిసిన బస్సు ఎక్కి పర్సు పోగొట్టుకుంటారు. ఈరోజు కాకపోతే ఇక చూడలేమన్న కంగారులో గేటు దగ్గర నిలబడ్డ బ్రోకర్ చేతిలో డబ్బు పెడతారు. కాబట్టి టికెట్లు కొనకముందే జాబితాలో సగం కొట్టేయండి. రోజుకు ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక నడక చాలు. ఫ్లోరెన్స్‌ను ఇంకో ట్రిప్‌కి ఉంచుకోండి.

ఎండ సంగతి

"రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, రోమ్ ఎండ మమ్మల్నేం చేస్తుంది" అని మన పెద్దవాళ్లు అంటారు. కానీ రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎవరూ బయట తిరగరు. రోమ్‌లో అదే టైమ్‌లో, నీడ లేని రాళ్ల మీద, గంటల తరబడి నడిపిస్తాం. అసలు ప్రమాదం అక్కడుంది. జులై, ఆగస్టుల్లో పగలు 32, 33 డిగ్రీలు మామూలే. వడగాలులు వస్తే 38 దాటుతుంది. 2023 జులైలో 41 కూడా దాటింది. కొలోసియం పక్కనే పాత రోమ్ శిథిలాలున్న రోమన్ ఫోరమ్‌లో, పాలటైన్ కొండ మీద చెట్ల నీడ తక్కువ. వేడెక్కిన రాయి కింద నుంచి కూడా సెగ కొడుతూ ఉంటుంది.

ఉదయం ఎనిమిదికల్లా మొదటి చోటుకు చేరుకోండి. పన్నెండు నుంచి నాలుగున్నర దాకా బయట ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఆ టైమ్‌లో హోటల్‌కి వచ్చి భోంచేసి పడుకున్నా ట్రిప్‌కి నష్టమేమీ లేదు. జులైలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, ఊరు అందంగా కనిపించేది కూడా అప్పుడే. మధ్యాహ్నం తప్పకుండా ఏదైనా చూడాలనుకుంటే బిల్డింగ్ లోపల చూసేవి ఎంచుకోండి. బోర్గేసే గ్యాలరీ అనే ఆర్ట్ మ్యూజియం దీనికి చక్కగా సరిపోతుంది. రెండేసి గంటల స్లాట్లుగా, పరిమితంగా లోపలికి పంపిస్తారు కాబట్టి తోపులాట ఉండదు. బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నే శిల్పం దగ్గర తీరిగ్గా నిలబడవచ్చు. ముందుగా బుక్ చేసుకోవాల్సిందే, సోమవారం సెలవు. చర్చిల్లో కూర్చుందాం అనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేసి మూడు, నాలుగింటికి మళ్లీ తెరుస్తారు. శాంటా మరియా మజ్జోరే లాంటి పెద్ద బసిలికాలు రోజంతా తెరిచే ఉంటాయి.

నీళ్లు కొనాల్సిన పని లేదు. రోమ్ వీధుల్లో నజోనీ అని పిలిచే ఇనుప కుళాయి స్తంభాలు సుమారు 2,500 ఉన్నాయి. 1874 నుంచి పెడుతూ వచ్చారు. చల్లటి తాగునీరు ఆగకుండా వస్తూనే ఉంటుంది. కింద గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. తలా ఒక ఖాళీ సీసా చాలు. గాజు సీసా మాత్రం వద్దు, కొలోసియం లోపలికి రానివ్వరు.

మన ఆడవాళ్లు చాలామంది బయటికెళ్తే బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఈ ఎండలో అది నేరుగా వడదెబ్బకే దారి తీస్తుంది. అక్కడ కాఫీ బార్లు అడుగడుగునా ఉంటాయి. కౌంటర్ దగ్గర నిలబడి ఒక ఎస్ప్రెసో తాగితే యూరో పైన కొంచెం అవుతుంది, బాత్రూమ్ వాడుకోవచ్చు. కాఫీ తాగకపోయినా కొనండి. ఈ ట్రిప్‌లో ఇంతకన్నా మంచి ఖర్చు లేదు. అమ్మను "వెళ్లాలా?" అని అడగకండి, మొహమాటానికి వద్దంటుంది. రెండు గంటలకోసారి మీరే తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్ర వేసుకునేవాళ్లు, ఇలాంటి ఎండల్లో ఏం చేయాలో బయలుదేరే ముందే డాక్టర్‌ను అడగాలి. సొంతంగా మాత్ర మానేయకూడదు. మందులన్నీ చేతి బ్యాగులోనే పెట్టుకుని, జనరిక్ పేర్లతో రాసిన ప్రిస్క్రిప్షన్ ఒకటి ఉంచుకోండి. ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతుంటే అది మందుల షాపు. ఎవరైనా తల తిరుగుతోందని, మాట తడబడుతూ చెబితే, ఒళ్లు కాలిపోతుంటే, హోటల్‌కి తీసుకెళ్దామని ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. అది ఉచితం. అంబులెన్స్ వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసరండి. ఇటలీ ఆరోగ్య శాఖ వేసవిలో 27 నగరాలకు రోజూ ఎండ హెచ్చరికలు ఇస్తుంది, రోమ్ అందులో ఉంది. రెడ్ చూపించిన రోజున పెద్దవాళ్లతో బయట కార్యక్రమం రద్దు చేసుకోండి, టికెట్ డబ్బులు పోయినా సరే.

హోటల్ బుక్ చేసేటప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగాలి: గదిలో ఏసీ ఉందా, బిల్డింగ్‌లో లిఫ్ట్ ఉందా. పాత ఊళ్లో చాలా బిల్డింగ్‌లు వందల ఏళ్లవి, నాలుగో అంతస్తుకి మెట్లే గతి.

టికెట్లు ముందే

కొలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి. గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిపోవాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు అంటే పాస్‌పోర్టే. మన ఇంటిపేర్లతో ఇక్కడ చిక్కు వస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే టైప్ చేయండి. అధికారిక సైట్‌లో దాదాపు నెల ముందు టికెట్లు వదులుతారు, వేసవిలో త్వరగా అయిపోతాయి. మామూలు టికెట్‌తో కొలోసియంతో పాటు ఫోరమ్, పాలటైన్ కూడా 24 గంటల లోపు చూడొచ్చు. కాబట్టి కొలోసియంకు సాయంత్రం స్లాట్ తీసుకుని, మర్నాడు పొద్దున్నే ఫోరమ్‌కు వెళ్లండి. మూడింటినీ ఒకే ఎండలో లాగించే బాధ తప్పుతుంది.

వాటికన్ మ్యూజియంల అసలు సైట్ చిరునామా డాట్ వీఏతో ముగుస్తుంది. వేరే చిరునామాలు అన్నీ మధ్యవర్తులవే. ఆదివారాలు మూసి ఉంటుంది. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితం, కానీ ఆ క్యూలో పెద్దవాళ్లను నిలబెట్టకండి. పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి. సిస్టీన్ చాపెల్ చివర్లో వస్తుంది, జనం ఒకే వైపు కదులుతుంటారు, మధ్యలో అలసిపోతే వెనక్కి రావడం కష్టం. సెయింట్ పీటర్స్ బసిలికాలోకి ప్రవేశం ఉచితమే, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, సల్వార్‌లతో ఏ ఇబ్బందీ లేదు, షార్ట్స్ వేసుకున్న కుర్రాళ్లనే ఆపేస్తారు. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ దారి సన్నబడి పక్కకి వంగుతుంది, మధ్యలో ఆగి కూర్చోవడానికి చోటుండదు. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్లు కిందే ఉండాలి. లోపల మైకెలాంజెలో చెక్కిన పియెటా శిల్పం ముందు ఆ అరగంట గడపవచ్చు.

జేబు దొంగలు, రోడ్లు

టెర్మినీ స్టేషన్, అక్కడి నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబర్ బస్సు, మెట్రో ఏ లైన్, ట్రెవీ ఫౌంటెన్ ముందు గుంపు: జేబు దొంగతనాలు ఎక్కువగా వినిపించే చోట్లు ఇవి. వాళ్లు ఎదురుచూసేది తలుపులు మూసుకునే క్షణం కోసం. అందుకే బస్సు నిండుగా ఉంటే వదిలేయండి, వెనకే ఇంకోటి వస్తుంది. ఫోన్ వెనక జేబులో వద్దు, బ్యాగు ముందుకి తిప్పుకోండి. చేతికి తాడు కట్టబోయేవాళ్లు, గులాబీ ఇచ్చేవాళ్లు, టికెట్ మెషిన్ దగ్గర సాయం చేస్తామనేవాళ్లు ఎదురైతే ఆగకుండా నడిచిపోండి. మర్యాదగా బదులివ్వాల్సిన అవసరం కూడా లేదు.

బంగారం విషయం ఇంట్లోనే తేల్చుకోండి. పుస్తెలతాడు తీయనంటే చీర కొంగు కిందో, మెడ దాకా ఉన్న బట్ట కిందో ఉంచుకోమనండి. గాజులు, హారాలు తీసుకెళ్లొద్దు. పాస్‌పోర్ట్ బట్టల లోపల కట్టుకునే సంచిలో, దాని కాపీ వేరే బ్యాగులో, ఫోటో ఫోన్‌లో. పోతే ముందు పోలీస్ ఫిర్యాదు కాగితం తీసుకుని రోమ్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి వెళ్లడానికే పనికొస్తుంది. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకునేవాళ్లకు దానితో పని జరగదు, కొత్త పాస్‌పోర్ట్ దాకా ఆగాలి. అందుకే ఆ సంచి మీద అంత పట్టు.

రోడ్డు దాటేటప్పుడు మనకు కుడివైపు ముందు చూడటం అలవాటు. అక్కడ బండ్లు ఎడమవైపు నుంచి వస్తాయి. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర డ్రైవర్ కళ్లలోకి చూసి, అతను ఆగాకే కాలు పెట్టండి. కారు ఆగినా పక్క నుంచి స్కూటర్ దూసుకొస్తుంది. పాత ఊరి వీధుల్లో పరిచిన చిన్న నల్లరాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, తడిస్తే జారతాయి. కొత్త బూట్లు వద్దు, చెప్పులూ వద్దు. ముందు నెల రోజులు ఇంటి దగ్గర నడిచి అలవాటైన బూట్లే వేసుకోండి.

మెట్రోలో, బస్సులో కార్డు ట్యాప్ చేసి వెళ్లొచ్చు, కానీ ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి. ఒకే కార్డుతో నలుగురు ఎక్కితే ముగ్గురికి టికెట్ లేనట్టే, తలా 50 యూరోలకు పైగా ఫైన్. స్పానిష్ స్టెప్స్ మీద 2019 నుంచి కూర్చోనివ్వరు, దానికీ ఫైన్ ఉంది. ట్రెవీ నీళ్లలో కాళ్లు పెట్టినా అంతే. రెస్టారెంట్‌లో చేపలు ఆర్డర్ చేస్తే మెనూలో రాసిన ధర చాలాసార్లు వంద గ్రాములకు ఉంటుంది, ముక్క ఎంత తూగుతుందో అడగండి. శాకాహారులు కార్బొనారా, అమట్రిచానా అనే పాస్తాల జోలికి పోవద్దు, రెండింట్లోనూ పంది మాంసం ఉంటుంది.

తిరుగు ప్రయాణం రోజు కొలోసియం లాంటి స్లాట్ ఏదీ పెట్టుకోకండి. ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్‌కి టెర్మినీ నుంచి లియోనార్డో ఎక్స్‌ప్రెస్‌లో 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు. నలుగురుంటే తెల్ల టాక్సీకి పాత ఊరి గోడల లోపల నుంచి 55 యూరోల ఖాయమైన ధర, సామానుతో కలిపి, దాదాపు అంతే అవుతుంది. అమ్మానాన్నలు ఇండియాకు నేరుగా వెళ్తుంటే, 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకునే పద్ధతి వచ్చింది కాబట్టి ఇమిగ్రేషన్‌కి అదనంగా ఓ గంట ఉంచుకోండి. ఇటలీలో రవాణా సమ్మెలు మామూలు, ఎక్కువగా శుక్రవారాలు, ముందే ప్రకటిస్తారు. ట్రిప్ ముందు వారంలో ఒకసారి ఇటాలియన్‌లో సమ్మె అని అర్థం వచ్చే "షోపెరో" (sciopero) అనే మాటతో, తేదీతో వెతికి చూడండి. మీ రోజున ఉందని తేలితే టాక్సీ ముందు రాత్రే హోటల్ వాళ్లతో మాట్లాడించి పెట్టుకోండి.