అట్లాంటా నుంచి అలబామాకు: పౌరహక్కుల పోరాటాన్ని మోసిన చర్చిలను ఎలా చూడాలి?

అమెరికాలో నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలే గుర్తొస్తాయి. ఆ పోరాటం నడిచిన చర్చిలకు వెళ్తే, ప్రసంగవేదిక కంటే బేస్‌మెంటు, వంటగది, బయట కార్లు ఆపే జాగా ఎక్కువ కథ చెబుతాయి. అట్లాంటా చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే చాలు, వారాంతంలో ఇవన్నీ చూసి రావచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరాతో పాటు ఈ దారిలోకి కూడా తీసుకెళ్లమని నేను అందరికీ చెబుతుంటాను.

బయల్దేరే ముందు ఇది తెలుసుకోండి

చర్చే ఎందుకు కేంద్రమైంది? ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బ్యాంకు, కోర్టు, మునిసిపాలిటీ, పోలీసు అన్నీ తెల్లవాళ్ల చేతుల్లోనే ఉండేవి. నల్లజాతి టీచర్ నోరెత్తితే ఉద్యోగం పోయేది. తెల్లవాళ్ల ఇంట్లో వంటమనిషికీ అదే భయం. పాస్టర్‌కి మాత్రం జీతమిచ్చేది సంఘస్తులే. భవనం వాళ్లదే, తాళంచెవి వాళ్ల దగ్గరే. వందల మంది ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు ఇంకొకటి లేదు.

1956లో అలబామా ప్రభుత్వం ఎన్‌ఏఏసీపీ అనే హక్కుల సంఘాన్ని రాష్ట్రంలో పనిచేయనివ్వకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చింది. కొద్ది రోజుల్లోనే బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టర్ చర్చిల అండతో కొత్త సంఘం పెట్టేశారు. ఆ ఏడాది క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటి మీద బాంబు వేశారు. ఆయన బయటపడ్డారు, మర్నాడే జనాన్ని తీసుకెళ్లి బస్సుల్లో తెల్లవాళ్ల సీట్లలో కూర్చోబెట్టారు.

ఇంకొక మాట కూడా మనసులో పెట్టుకోండి. చర్చిలన్నీ ముందుకు రాలేదు. భయపడి తలుపులు మూసుకున్నవి ఉన్నాయి, ఇది మన పని కాదన్న పెద్దలూ ఉన్నారు. నల్లజాతి బాప్టిస్టుల అతిపెద్ద సమాఖ్యలో వచ్చిన గొడవల్లో ఇదీ ఒకటి. అది చీలి 1961లో కింగ్ వైపువాళ్లు వేరే సమాఖ్య పెట్టుకున్నారు. తలుపు తెరిచినవాళ్ల ధైర్యం ఎంతటిదో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

టూర్లు ముందే బుక్ చేసుకోండి

ఇవి మ్యూజియంలు కావు, ఇప్పటికీ ఆరాధన జరిగే చర్చిలు. పెళ్లో అంత్యక్రియలో ఉంటే లోపలికి వెళ్లనివ్వరు. మరమ్మతులకు మూసి ఉండటం కూడా మామూలే. కాబట్టి ప్రతి చర్చి వెబ్‌సైట్ చూసి, వీలైతే ఫోన్ చేసి టైమ్ ఖాయం చేసుకోండి. అలబామాలో గడియారం అట్లాంటా కంటే ఒక గంట వెనక ఉంటుంది. బుకింగ్ టైమ్ ఏ ఊరిదో చూసుకుంటే టెన్షన్ ఉండదు.

శుక్రవారం: మాంట్‌గోమరీ

ఐ-85 మీద రెండున్నర గంటల దారి. నేరుగా డెక్స్‌టర్ అవెన్యూ చర్చికి వెళ్లండి. ఎర్ర ఇటుకల చిన్న భవనం, అడుగుల దూరంలో రాష్ట్ర కాపిటల్ (శాసనసభ భవనం) తెల్లగా, ఎత్తుగా కనిపిస్తుంది. కింగ్ 1954లో పాస్టర్‌గా వచ్చింది ఇక్కడికే, అప్పటికాయన వయసు 25.

లోపల బేస్‌మెంటు దగ్గర కాసేపు ఆగండి. 1955 డిసెంబర్ 1న తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను బస్సులో అరెస్టు చేశారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్ సైక్లోస్టైల్ మిషన్ మీద వేలకొద్దీ కరపత్రాలు తీశారు. మర్నాడు సాయంత్రం పాస్టర్లు, పెద్దలు ఈ బేస్‌మెంటులోనే కూర్చుని బస్సు బహిష్కరణకు సరేనన్నారు. డిసెంబర్ 5 రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో బహిరంగ సభ పెడితే లోపల చోటు చాలక వేలమంది వీధిలో నిలబడి లౌడ్‌స్పీకర్లలో విన్నారు.

ఒక్క రోజనుకున్న బహిష్కరణ 381 రోజులు నడిచింది. ఎలా నడిపారన్నదే అసలు చూడాల్సిన సంగతి. మాంట్‌గోమరీలో బస్సెక్కేవాళ్లలో ముప్పావు వంతు నల్లజాతివాళ్లే. ఇంతమందిని రోజూ పనికి చేర్చాలి. సొంత కార్లున్నవాళ్లు కార్లిచ్చారు. ఎక్కాల్సిన చోట్లలో చాలావరకు చర్చిల ముంగిళ్లే. తర్వాత విరాళాలతో స్టేషన్ వ్యాగన్లు కొని చర్చిల పేర రిజిస్టర్ చేశారు, బండి పక్కన చర్చి పేరు రాయించారు. ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే, అట్లాంటాలోని నల్లజాతి ఏజెంట్ ద్వారా లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. సోమవారం, గురువారం రాత్రుళ్లు సభ, ఒక్కోసారి ఒక్కో చర్చిలో. పాట, ప్రార్థన, ఏ కారు ఎక్కడికన్న లెక్క, చివర కానుకల పళ్లెం.

ఆ పళ్లెంలో పడిన డబ్బు వెనక జార్జియా గిల్మోర్ ఉన్నారు. ఆవిడ హోటల్లో వంట చేసేవారు. కొంతమంది ఆడవాళ్లను కూడగట్టి, వేయించిన చికెన్ సాండ్‌విచ్‌లు, కేకులు, పైలు చేసి బ్యూటీ పార్లర్లలో, ఇంటింటా అమ్మించి, వచ్చిన సొమ్ము సభలో అందించేవారు. కొన్నదెవరో, ఇచ్చిందెవరో పేర్లు బయటికి రానివ్వలేదు, వస్తే వాళ్ల ఉద్యోగాలు పోతాయి. బహిష్కరణ నడిపినందుకు కింగ్ మీద పెట్టిన కేసులో సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ ఉద్యోగం మాత్రం పోయింది. ఇంట్లోనే వంట మొదలుపెట్టి భోజనశాల నడిపారు. నన్నడిగితే ఈవిడ పేరు కింగ్ పేరు పక్కనే చెప్పాలి.

టైమ్ ఉంటే కింగ్ సహచరుడు రాల్ఫ్ అబెర్నాతీ పాస్టర్‌గా ఉన్న ఫస్ట్ బాప్టిస్ట్ చర్చిని బయటి నుంచైనా చూడండి. పాతది కాలిపోతే సంఘస్తులు రోజుకో ఇటుక తెచ్చి కట్టుకున్న భవనం అది. 1961 మే 21 రాత్రి ఫ్రీడమ్ రైడర్ల (బస్సుల్లో జాతి వివక్షను ధిక్కరిస్తూ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ప్రయాణించిన కార్యకర్తల) కోసం సభ పెడితే బయట తెల్లవాళ్ల అల్లరిమూక చుట్టుముట్టింది. లోపలివాళ్లు తెల్లవారేదాకా బయటికి రాలేకపోయారు.

శనివారం ఉదయం: సెల్మా

హైవే 80 మీద గంట దారి. చిన్న ఊరు, మన శాకాహారులకు తిండి దొరకడం కష్టం. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే హాయి. బ్రౌన్ చాపెల్ చర్చి నుంచి ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాకా కారులో కాకుండా నడిచే వెళ్లండి. 1965 మార్చి 7న ఓటుహక్కు కోసం సుమారు 600 మంది ఇదే దారిలో నడిచారు. వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో విరుచుకుపడ్డారు. దెబ్బలు తిన్నవాళ్లు వెనక్కి పరుగెత్తి చేరింది ఈ చర్చికే. ఆ ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం: బర్మింగ్‌హామ్

పిల్లలుంటే కారులోనే చెప్పి సిద్ధం చేయండి. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం ఉదయం 10:22కి సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి మెట్ల కింద పెట్టిన బాంబు పేలింది. ఆరాధనకు తయారవుతున్న నలుగురు ఆడపిల్లలు చనిపోయారు: ఆడీ మే కాలిన్స్, కారోల్ రాబర్ట్‌సన్, సింథియా వెస్లీ, ఈ ముగ్గురికీ 14 ఏళ్లు. డెనీస్ మెక్‌నేర్‌కి 11. నేరస్థుల్లో చివరివాడికి శిక్ష పడింది 2002లో. ఈ చర్చినే ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఆ ఏడాది మేలో వందలాది పిల్లలు ఇక్కడి నుంచే ఊరేగింపుగా బయటికొచ్చి అరెస్టయ్యారు. ఎదురుగా ఉన్న కెల్లీ ఇంగ్రామ్ పార్కులోనే వాళ్ల మీదికి కుక్కల్ని వదిలారు, నీటి గొట్టాలు తిప్పారు.

లోపల వెనకవైపు కిటికీలో రంగుటద్దాల మీద చేతులు చాచిన నల్లని క్రీస్తును చూడండి. దాన్ని వేల్స్ ప్రజలు చందాలేసుకుని పంపారు. డబ్బున్నవాడు ఒక్కడే మొత్తం కట్టేయకుండా, మనిషికి అర క్రౌన్ (అప్పటి బ్రిటిష్ నాణెం) మించి తీసుకోకూడదని నియమం పెట్టుకున్నారు.

ఆదివారం: ఆరాధనకు వెళ్లండి

క్రైస్తవులు కాకపోయినా వెళ్లవచ్చు. మన ఊరి చర్చిల్లోలాగా చెప్పులు విప్పక్కర్లేదు, ఆడా మగా వేరుగా కూర్చోనక్కర్లేదు. మంచి బట్టలు వేసుకోండి, ఫోన్ జేబులో పెట్టేయండి. పాస్టర్ గారు మాట్లాడుతుంటే జనం మధ్యమధ్యలో గట్టిగా బదులిస్తారు, కంగారుపడకండి. కానుకల పళ్లెం వచ్చినప్పుడు తోచింది వేయండి, ఈ పాత భవనాలను నిలబెట్టడానికి చాలా ఖర్చవుతుంది.

ఇంకో రోజు చేతిలో ఉంటే నాష్‌విల్ వెళ్లవచ్చు. అక్కడ చర్చి బేస్‌మెంటులో విద్యార్థులకు అహింస నేర్పిన జేమ్స్ లాసన్, అంతకుముందు మూడేళ్లు మన నాగ్‌పూర్‌లో కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతులు చదువుకున్నారు. మాంట్‌గోమరీ బహిష్కరణ వార్త ఆయన చదివింది నాగ్‌పూర్ పేపర్లోనే. 1960లో ఆయన శిష్యులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే స్టోర్లలోని భోజన కౌంటర్ల దగ్గర కూర్చుని, దెబ్బలు తిని కూడా చెయ్యెత్తకుండా, మే నెలకల్లా ఆ కౌంటర్లు అందరికీ తెరిపించారు.

అట్లాంటాలోనే ఉన్న ఎబెనెజర్ చర్చిని తిరిగొచ్చాక ఏదో ఒక మామూలు రోజున చూడండి. 1957 జనవరిలో దక్షిణాది పాస్టర్లు సమావేశమైంది, కింగ్ తండ్రితో కలిసి సేవ చేసింది అక్కడే. ఆయన తల్లి అల్బర్టా 1974లో ఆర్గాన్ వాయిస్తూ తుపాకీ దెబ్బకు చనిపోయిందీ అక్కడే. ఈ సంగతి చాలామందికి తెలియదు, పిల్లలకు తప్పక చెప్పండి. పాత భవనాన్ని నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది, టికెట్ లేదు. ఆదివారం ఆరాధన జరిగేది రోడ్డుకు అవతలి కొత్త భవనంలో. దానికి వెళ్లాలనుకుంటే పార్కింగ్ కోసం కాస్త ముందుగా చేరుకోండి.