రోబోటిక్స్ టీంలో చేర్చేముందు ఒక్క ప్రాక్టీస్ చూసి రండి

పిల్లల్ని కమ్యూనిటీ రోబోటిక్స్ టీంలో చేర్చాలనుకుంటే ఫీజు కట్టకముందే ఒక ప్రాక్టీస్‌కి వెళ్లి ఓ గంట వెనకాల కూర్చోండి, స్క్రూడ్రైవర్, ల్యాప్‌టాప్ ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి చాలు. కోచే అన్నీ బిగించేస్తూ పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుంటే అక్కడ నేర్చుకునేది తక్కువే. అదే రోబో నేరుగా వెళ్లకుండా పక్కకి పోతుంటే పిల్లలే చక్రం విప్పి చూసి, కోడ్‌లో ఒక అంకె మార్చి మళ్లీ వదులుతున్నారంటే ఆ టీంని మాత్రం వదలకండి.

కోడింగ్ రాదని అస్సలు భయపడొద్దు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే స్కూలు పిల్లల రోబోటిక్స్ పోటీనే తీసుకోండి, మ్యాచ్‌లో మొదటి 30 సెకన్లు రోబో దానంతటదే నడవాలి, తర్వాత 2 నిమిషాలు పిల్లలు నడుపుతారు, అయితే డిజైన్ ఎలా చేశారో రాసి జడ్జిలకి వివరించడం కూడా ఉంటుంది, కాబట్టి బాగా రాసేవాళ్లకి, మాట్లాడేవాళ్లకి కూడా బోలెడంత పని. దాని సీజన్ సెప్టెంబర్‌లో మొదలవుతుంది, వేసవిలోనే అడిగి పెట్టుకోండి.