ఏడాదిన్నర పిల్లల చేతికి మొదటి పిండిముద్ద ఎలా ఇవ్వాలి?

పిల్లాడికి ఏడాదిన్నర వచ్చిందంటే చాలు, రంగురంగుల క్లే డబ్బాల సెట్టు ఎవరో ఒకరు గిఫ్ట్‌గా తెచ్చేస్తారు. దాన్ని బీరువా పైన పెట్టేయండి. చాలా డబ్బాల మీద రెండేళ్ళు దాటినవాళ్ళకి అనో మూడేళ్ళు దాటినవాళ్ళకి అనో రాసి ఉంటుంది, అది ఊరికే రాసింది కాదు. ఈ వయసులో చేతికి ఏదిచ్చినా ముందు నోట్లోకే పోతుంది, కొనే ముద్దల్లోనేమో ఉప్పు దట్టంగా ఉంటుంది. అన్నట్టు ఇలాంటి క్లేల్లో బాగా పేరున్న ప్లే-డో మొదట అమెరికాలో గోడలకి అంటించే కాగితాల మీద మసి తుడవడానికి చేసిన ముద్ద, పిల్లల ఆటవస్తువుగా అమ్మడం 1956లో మొదలైంది. మనకి అంత దూరం వెళ్ళక్కర్లేదు, గోదావరి జిల్లాల ప్రతి వంటింట్లోనూ తెలిసిన పాలతాలికల పిండి, అంటే ఉడికించిన బియ్యప్పిండి ముద్ద ఉంది, మొదటి ముద్దకి అదే సరిపోతుంది.

ముందు పిండి సంగతి. గ్లాసు నీళ్ళు బాగా మరిగాక చిటికెడు ఉప్పు, చెంచాడు నూనె వేసి, గ్లాసు పొడి బియ్యప్పిండి పోసి, సన్న సెగ మీద రెండు మూడు నిమిషాలు అడుగంటకుండా కలిపి, స్టవ్ కట్టేసి మూత పెట్టండి. తడిపిండి అయితే ఇంకా మెత్తగా వస్తుంది గానీ నీళ్ళు తగ్గించుకోవాలి. చెయ్యి ఓర్చుకునేంత వేడికి వచ్చాక తడిచేత్తో బాగా మర్దించండి, పగుళ్ళు వస్తుంటే ఇంకాస్త నీళ్ళు చిలకరించండి. టైం లేదని పచ్చి మైదానో గోధుమపిండినో చన్నీళ్ళతో కలిపి ఇచ్చేయకండి, పచ్చిపిండిలో సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి క్రిములు ఉండొచ్చు. ఇంకో మాట, ముద్ద పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల కాలుతూ ఉంటుంది. రెండుగా తుంచి, తుంచిన వైపు మీ మణికట్టుకి ఆనించి చూసుకున్నాకే ఇవ్వండి. మొదటిసారి రంగు వద్దు. తర్వాత కావాలంటే పసుపు, బీట్‌రూట్ రసం ఉన్నాయి, కాకపోతే పసుపు మరక చొక్కాకి పట్టిందంటే ఇక ఆ చొక్కా ఇంట్లోకే.

తిని, నిద్ర లేచి, హుషారుగా ఉన్న టైం చూసుకోండి. ఆకలి మీద ఉన్న పిల్లాడికి ఇస్తే ఆట ఉండదు, అది టిఫినే. అరుగు మీదో వరండాలోనో ఒక అరటాకు ముక్క పరిచి నూనె రాయండి, ముద్ద అంటుకోదు, అయిపోయాక ఆకుతో సహా ఎత్తేయొచ్చు. ముద్ద కంటే ముందు ఆకుని చింపుతాడు, చింపనివ్వండి.

ఇప్పుడు ముద్ద ఇవ్వండి, ఒకటే, నారింజకాయంతది. చిన్న చిన్న ఉండలు చేసి పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడేవి అవే. ఆడుతూ తనే తుంచిన ముక్కల మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. మీరూ ఒక ముద్ద తీసుకుని పక్కన కూర్చుని నొక్కుతూ ఉండండి, ఏం చెప్పకండి. కాసేపు చూస్తాడు, తర్వాత చూపుడువేలు దించుతాడు. వేలు తీస్తే గుంట అలాగే ఉండిపోయింది! మీ మొహం చూస్తాడు, మళ్ళీ గుంట చూస్తాడు, పక్కనే ఇంకోటి పొడుస్తాడు. ఇక అదే పని. కొందరు పిల్లలు చేతికి అంటుకోగానే మొహం చిట్లించి చెయ్యి వెనక్కి లాగేస్తారు, బలవంతాన చెయ్యి పట్టుకుని ముద్దలో పెట్టొద్దు, చెంచా ఇచ్చి దాంతో పొడవమనండి, లేదా ఇంకోరోజు చూద్దాం అనుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, మీరు ఏనుగుని చేసి చూపించకండి. చేశారా, ఆ క్షణం నుంచి వాడు చూసేవాడు, మీరు చేసేవారు, "ఇంకోటి, ఇంకోటి" అంటూ మీ పని పడతాడు. నొక్కడం, గిల్లడం, విసరడం, మొదట్లో ఆటంటే ఇంతే. పది నిమిషాలు ఆడితే గొప్ప.

ఈలోపు మామ్మ రానే వస్తుంది. "తినే పిండితో ఆటలేంటమ్మా, లక్ష్మీదేవిని నేలపాలు చేస్తారా?" అని. ఆవిడ మాటలో తప్పులేదు. అందుకే తాలికలు చేసే రోజే చూసుకుని, అందులోంచే ఒక ముద్ద ఇవ్వండి, ఆట అయ్యాక అది కుడితి తొట్టిలో వేస్తే గేదె తాగుతుంది.

రెండు మూడుసార్లు అయ్యాక సామాన్లు దించండి. స్టీలు గ్లాసు అంచుతో గుండ్రాలు, ఇడ్లీ ప్లేటులో అదిమితే బుంగలు, కొబ్బరిచిప్పలో కూరి బోర్లించడం. జంతికల గొట్టం మీరు పట్టుకుని పైన వాడి చేత నొక్కిస్తే, కింద నుంచి తీగలు దిగుతుంటే ఆ కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. కొబ్బరి ఈనెలు మాత్రం వద్దు, కంట్లో పొడుచుకుంటారు. రెండేళ్ళ దగ్గర పడ్డాక పీట మీద ఒక అరచేత్తో సన్నటి తాడులా తాలిక చేయడం మెల్లగా వస్తుంది, రెండు చేతుల మధ్య ఉండ చుట్టడానికి ఇంకా టైం పడుతుంది, తొందరేం లేదు.

నోట్లో పెట్టుకోవడం బాగా తగ్గాక నిలవ ఉండే ముద్ద చేసుకోవచ్చు. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, రెండు గ్లాసుల నీళ్ళు, రెండేసి చెంచాల నూనె, నిమ్మరసం అన్నీ కలిపి, గిన్నెని వదిలి ముద్దయ్యేదాకా సన్న సెగ మీద తిప్పాలి. గోధుమ పడని పిల్లలకి ఇది కుదరదు. మన వైపు వానాకాలంలో ఉప్పు తేమ లాగి ముద్ద చెమటలు కక్కుతుంది, కాస్త పొడిపిండి జల్లి మర్దించి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. వాసనొచ్చినా నల్లచుక్క కనిపించినా పారేయండి, అయితే కుడితిలో వేయొద్దు, కుక్కకి అందనివ్వొద్దు, అంత ఉప్పు వాటికి ప్రమాదం. పిల్లాడు కాస్త రుచి చూస్తే నీళ్ళు పట్టండి చాలు. ముద్దలుగా మింగేసి వాంతులవుతున్నా, మత్తుగా పడుకున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

వినాయకచవితికి పెద్దపిల్లలు కాలవగట్టు నుంచి తెచ్చే ఒండ్రుమట్టి భలే సాగుతుంది, కానీ నోట్లో వేలుపెట్టే వయసుకి అది వద్దు, మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి. మూడేళ్ళు దాటాక ఇవ్వండి, అప్పుడైనా ఆట అవ్వగానే గోళ్ళ సందులు సబ్బుతో రుద్ది కడగండి.